బయాప్సీ అయింది, రిపోర్టు మంగళవారం అన్నారు. అప్పటిదాకా రోజులు గడిచేదెలా?

పక్షి_బెజవాడ | గురువారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను. ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది, ముట్టుకుంటే నొప్పి. స్కానింగ్ రిపోర్టులో క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే గుర్తు ‘బైరాడ్స్ 4బి’ అని రాశారు. ఇవాళ మధ్యాహ్నం సర్జన్ గారు ట్రూకట్ బయాప్సీ చేశారు, అంటే గన్ లాంటి సూదితో గడ్డలోంచి ముక్కలు తీశారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి నొప్పి తెలియలేదు కానీ, ఆ గన్ టప్పుమన్నప్పుడల్లా ప్రాణం పోయి వచ్చింది.

తీసిన ముక్కల్ని రెండు సీసాల్లో వేశారు. ఒకదాని మీద ఫార్మలిన్ అని ఉంది, రెండోది సెలైన్. రెండెందుకని అడిగే ధైర్యం రాలేదు. ఇంటికొచ్చి గూగుల్‌లో వెతికితే ఉన్న మతి కూడా పోయింది. అన్నం సయించడం లేదు. పాప నిద్రపోయింది, మా ఆయన నిద్రపోయినట్టు నటిస్తున్నాడు, నేను ఇక్కడ టైప్ చేస్తున్నాను. అమ్మకు చెప్పలేదు.

ధైర్యం చెప్పమని అడగడం లేదండీ. ఇలాంటి రోజులు గడిపినవాళ్లు అప్పుడు ఏం చేశారో చెప్పండి.

ల్యాబ్_బాబాయి | శుక్రవారం, ఉదయం 5:58

అమ్మా, నేను ముప్పై ఏళ్లు హిస్టోపాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ధైర్యం చెప్పడం నాకు రాదు. నీ ముక్క ఇప్పుడు ఎక్కడుంది, ఏమవుతోంది అనేది చెప్పగలను.

ఫార్మలిన్‌లో వేసిన ముక్క ముందు గట్టిపడాలి. రొమ్ము ముక్కయితే కనీసం 6 గంటలు, 72 గంటలు దాటకుండా అందులో ఉంచుతారు. తొందరపడి తీస్తే తర్వాత చేసే పరీక్షలు సరిగ్గా రావు. ఆ తర్వాత మెషీన్‌లో పెడితే మామూలుగా రాత్రంతా పని: ఆల్కహాల్‌తో నీరు తీసేయడం, జైలీన్, ఆపైన కరిగిన మైనం. తెల్లారి మైనం దిమ్మ చేసి, మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందం పొరలు కోస్తారు. వాటిని గాజు పలక మీద పరిచి రంగులు వేస్తారు. అప్పటికి గానీ డాక్టరు గారి మైక్రోస్కోపు కిందికి వెళ్లదు. మధ్యలో ఆదివారం వచ్చింది చూశావా, అందుకే మంగళవారం అన్నారు. ఏదో దాస్తున్నారని కాదు.

రెండు సీసాల సంగతి. సెలైన్‌లో వేసింది కల్చర్ కోసం, అంటే టీబీ లాంటి ఇన్ఫెక్షన్ ఉందేమో క్రిముల్ని పెంచి చూడడానికి. ఫార్మలిన్‌లో క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్‌కు పనికిరాదు. అందుకని తెలిసిన సర్జన్ ముందే ఒక ముక్క విడిగా తీసి పెడతారు. మీ సర్జన్ గారి మనసులో క్యాన్సర్ ఒక్కటే లేదని దానర్థం. అంతకుమించి ఊహించకు, నేనూ ఊహించను.

డల్లాస్_కిరణ్ | శుక్రవారం, ఉదయం 6:31

బాబాయి గారూ, ఇది నాకు రెండేళ్ల కింద చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

సిస్టర్, నాది థైరాయిడ్ గడ్డ. ఇక్కడ అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి రూలు మారింది. రిపోర్టు రెడీ కాగానే ఆలస్యం చేయకుండా పేషెంటుకు చూపించాల్సిందే. చాలాసార్లు డాక్టర్ కంటే ముందు మనకే ఫోన్‌లో వచ్చేస్తుంది. నాకు శుక్రవారం సాయంత్రం వచ్చింది, దుకాణంలో బిల్లు కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి ఉండగా. ‘బెథెస్డా 3, అటిపియా’ అని ఉంది. ఆ మాట పట్టుకుని శని, ఆదివారాలు ఇంటర్నెట్ మొత్తం తిరిగాను. సోమవారం డాక్టర్ ఒక్క నిమిషంలో తేల్చేసింది: 3 అంటే అటూ ఇటూ చెప్పలేని గుంపు, ఇంకో పరీక్ష చేస్తాం అని. చివరికి మామూలు గడ్డే.

మీ ల్యాబ్ కూడా వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపుతుందా? పంపేటట్టయితే ఇప్పుడే వాళ్లకు మీ ఆయన నంబరు ఇవ్వండి. రాత్రి పదింటికి ఒంటరిగా ఆ పీడీఎఫ్ తెరిచే పరిస్థితి మాత్రం తెచ్చుకోకండి.

కరీంనగర్_సుజాత | శుక్రవారం, ఉదయం 9:15

కిరణ్ గారు, ఆయన నంబరు ఇవ్వమనుడు నాకు నచ్చలే. మా ఇంట్ల అట్లనే చేసిన్రు. రిపోర్టు మా ఆయనకు, మా అన్నకు ముందు తెలిసింది. నాకు చెప్పకుండ నాలుగు దినాలు ‘ఇంకా రాలే’ అన్నరు. ఇంట్ల అందరి మొఖాలు చూస్తే నాకు అర్థం కాదా? ఆ నాలుగు దినాల కోపం ఇప్పటికీ పోలే.

చెల్లీ, నాకు వచ్చింది క్యాన్సరే. హైదరాబాదుల సర్కారు క్యాన్సర్ దవాఖాన ఎంఎన్‌జేల ఆరోగ్యశ్రీ మీద ట్రీట్‌మెంట్ అయింది, ఇప్పుడు బాగున్న. నేను ఇక్కడ రాస్తే నువ్వు భయపడతవేమో అని రాయాల్నా వద్దా అని ఆలోచించిన. కానీ ‘నాకేం కాలేదు, నీకూ ఏం కాదు’ అనేటోళ్లే అందరూ రాస్తే, ఆ మాట నమ్మబుద్ధి కాక ఇంకింత భయమైతది.

ఇంకొక మాట. ‘ఏదో ఒకటి తెలిస్తే హాయిగుంటది, తెలియకపోవుడే నరకం’ అని అందరూ అంటరు. నాకైతే అట్ల కాలే. తెలిసిన రోజే అన్నిటికంటే పాడు రోజు. తెల్లారి నుంచి మాత్రం చేయాల్సిన పనులు కండ్ల ముందు కనబడ్డయి. అండ్ల కూడ మళ్లీ ఎదురుచూపే. ఏ మందు పని చేస్తదో చూసే హెర్-2 పరీక్షల ‘2 ప్లస్’ వచ్చింది, అంటే అవునో కాదో తేలలేదన్నట్టు. అది తేల్చే ఫిష్ టెస్టుకు పంపిన్రు, మళ్ల దాని కోసం కూసున్నం. కాబట్టి ఈ మంగళవారమే ఆఖరు అనుకుని ఉన్న బలమంతా ఇప్పుడే ఖర్చు పెట్టుకోకు.

మూలిక_వైద్యం_99 | శుక్రవారం, ఉదయం 10:02

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ | శుక్రవారం, ఉదయం 10:20

లక్ష్మణఫలం రసంతో గడ్డలు కరుగుతాయని ఫోన్ నంబరుతో సహా పెట్టిన పోస్టు తీసేశాం. ఇంకోసారి పెడితే ఖాతా ఉండదు. రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్ల దగ్గర బేరాలు వద్దు.

పక్షి_బెజవాడ | శుక్రవారం, మధ్యాహ్నం 1:48

బాబాయి గారూ, మీ పోస్టు ఎన్నిసార్లు చదివానో. ముక్క ఎక్కడో చీకటి గదిలో పడి ఉందన్నట్టు ఊహించుకుంటున్నాను నిన్నటి నుంచీ. ఇప్పుడు మెషీన్‌లో ఉంటుంది, ఇప్పుడు మైనంలో ఉంటుంది అనుకుంటే నయంగా ఉంది. సుజాతక్కా, మీరు రాసినందుకు థాంక్స్. భయమేసింది నిజమే, కానీ మీ మాటే నమ్మబుద్ధయింది.

ఒక డౌటు. ఎదురింటి ఆంటీకి ఎలాగో తెలిసింది. ‘సూది ఎందుకు గుచ్చనిచ్చావు, సూది తగిలితే పాకేస్తుంది’ అంది. అప్పటి నుంచి కాళ్లూ చేతులూ ఆడడం లేదు. పైగా పది నిమిషాలకోసారి గడ్డ ఉందా, పెరిగిందా అని చెయ్యి దానంతటదే అక్కడికి పోతోంది.

బర్మింగ్‌హామ్_నర్సు | శుక్రవారం, సాయంత్రం 4:25

ఆ సూది మాట ప్రతి ఊళ్లోనూ ఉంది. మా రాజమండ్రిలోనూ ఉంది, ఇక్కడ యూకేకి వచ్చిన మనవాళ్లలోనూ ఉంది. సూది వెళ్లిన దారిలో కణాలు కొన్ని అరుదుగా కనబడవచ్చు. కానీ రొమ్ము గడ్డకు బయాప్సీ చేయించుకున్నందువల్ల జబ్బు ముదిరి ఆయుష్షు తగ్గిందని తేలలేదు. సూది పరీక్ష లేకుండా ఏ డాక్టరూ సరైన మందు ఎంచలేడు. ఆంటీ మీకు చేసిన సాయం ఏమీ లేదు, మాట పడేసి పోయింది, అంతే.

గడ్డను మాటిమాటికీ నొక్కకండి. బయాప్సీ చేసిన చోట లోపల రక్తం కమిలి వాపు ఉంటుంది. నొక్కితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే ‘అయ్యో, గడ్డ పెరిగింది’ అంటారు. చన్నీటి గుడ్డ, పారాసిటమాల్ చాలు. జ్వరం వచ్చినా, చీము పట్టినా, రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

బైరాడ్స్ గురించి కూడా చెప్తాను, మీరెలాగూ గూగుల్‌లో చూసే ఉంటారు. 4బి అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 10కి పైన, 50 లోపు. అది స్కాన్‌లో ఆకారం చూసి వేసిన అంచనా, రోగనిర్ధారణ కాదు. ఎటు చూసినా కాకపోవడానికే ఎక్కువ వీలున్న గుంపు. అలాగని పరీక్ష మానేసే గుంపు కాదు.

ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో క్యాన్సర్ అనుమానంతో పంపితే 28 రోజుల్లోపు ఉందో లేదో చెప్పాలనేది లక్ష్యం. ఆ రోజుల్లో పేషెంట్లు మా మొహాలు చదువుతుంటారు. నర్సు నవ్వలేదు కాబట్టి చెడ్డది, అపాయింట్‌మెంట్ ముందుకు జరిపారు కాబట్టి చెడ్డది. నేను నవ్వని రోజున నాకు డబుల్ డ్యూటీ పడి ఉంటుంది తల్లీ, అంతకంటే ఏం లేదు.

అనంత_రెడ్డి | శుక్రవారం, రాత్రి 9:10

ఆడవాళ్లు మాట్లాడుకునే చోట మగాడిని వచ్చి రాస్తున్నా, ఏమనుకోవద్దు. మీ ఆయన ‘నిద్రపోయినట్టు నటిస్తున్నాడు’ అన్నారు చూడండి, దాని గురించి.

మా ఆవిడకు గర్భసంచి బయాప్సీ అయినప్పుడు నేనూ అంతే చేశా. మాట్లాడితే ఆమె భయపడుతుందని నేను, మాట్లాడితే నేను భయపడతానని ఆమె. పగలంతా బండి సర్వీసింగ్, గ్యాస్ బుకింగ్ అంటూ లేని పనులు కల్పించుకుని తిరిగినా. ఆమె మా మరదలితో ‘ఈయనకు పట్టనే లేదు’ అనిందంట.

మీ ఆయనకు ఒక పని అప్పజెప్పండమ్మా. ‘నన్ను ఓదార్చు’ అంటే మాకు చేతకాదు. ‘మంగళవారం సెలవు పెట్టు, పాత స్కాన్లన్నీ ఒక ఫైల్లో పెట్టు, ఆరోగ్యశ్రీ కార్డు ఎక్కడుందో వెతుకు, సర్జన్ దగ్గర అడగాల్సినవి నువ్వు రాసుకో’ అని చెప్పండి. చేస్తాడు. చేస్తూ చేస్తూ నోరు కూడా విప్పుతాడు.

మనసు_మాట | శనివారం, ఉదయం 8:05

నేను క్లినికల్ సైకాలజిస్టుని, హైదరాబాదు. ఈ చర్చలో నాకంటే బాగా ఇప్పటికే చెప్పారు. కొన్ని మాత్రం కలుపుతాను.

ఎదురుచూపు మీదనే పరిశోధన చేసిన కేట్ స్వీనీ అనే సైకాలజిస్టు కాలిఫోర్నియాలో ఉన్నారు. లాయర్ల బార్ పరీక్ష రాసి, నాలుగు నెలలు ఫలితం కోసం ఆగాల్సిన వాళ్లను ఆవిడ బృందం గమనించింది. మంచే జరుగుతుందని గట్టిగా అనుకోవడం, చెడుకు ముందే సిద్ధపడడం, ఆలోచన అణచుకోవడం, ఇలా వాళ్లు చేసిన ప్రయత్నాల్లో చాలా వరకు టెన్షన్‌ను పెద్దగా తగ్గించలేదు. నాకు ఇది చదివినప్పుడు ఊరటగానే అనిపించింది. ‘నేను పాజిటివ్‌గా ఉండలేకపోతున్నాను’ అని పేషెంట్లు తమను తామే తిట్టుకుంటారు. మీ లోపం కాదండీ, ఎవరికీ సరిగ్గా కుదరని పని అది. తర్వాతి పరిశోధనల్లో కాస్త పని చేసినట్టు కనబడింది ఏమిటంటే, ఒళ్లు మరిచిపోయేలా చేసే పని. టీవీ సీరియల్ కాదు, దాని ముందు కూర్చుని కూడా భయపడొచ్చు. చేతికీ బుర్రకీ రెండింటికీ పని ఉండాలి, మరీ తేలికగానూ ఉండకూడదు, మరీ కష్టంగానూ ఉండకూడదు.

రెండోది, ఒకే ప్రశ్న పదిమందిని అడగకండి. ‘ఏం కాదు కదా?’ అంటే ‘ఏం కాదు’ అంటారు. ఆ ఊరట కాసేపటికే ఆరిపోతుంది, ఇంకొకరిని అడగాలనిపిస్తుంది. గూగుల్ కూడా ఆ పదిమందిలో ఒకటే. భయపడడానికి రోజుకు ఒక టైము పెట్టుకోండి, సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర అనుకోండి. పగలు భయం వస్తే కాగితం మీద ఒక్క ముక్క రాసి ‘ఆరింటికి చూద్దాం’ అని పక్కన పెట్టండి. పిచ్చిగా ఉంటుంది, కానీ చాలామందికి పని చేస్తుంది. పడుకునే ముందు మాత్రం ఆ టైము పెట్టకండి.

గుండె దడగా ఉన్నప్పుడు ఊపిరి లోపలికి నాలుగు లెక్కపెట్టి, బయటికి ఆరు లెక్కపెట్టి వదలండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ ఆపండి, ఆ దడలో సగం వాటిదే అయి ఉండొచ్చు. అస్సలు నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

టెక్కలి_టీచర్ | శనివారం, సాయంత్రం 6:40

అమ్మకు చెప్పలేదన్నావు. చెప్పు అని అందరూ అంటారని చూశాను, ఎవరూ అనలేదు. నేనూ చెప్పమని ఒత్తిడి చేయను. కొందరు అమ్మలకు చెబితే మనం వాళ్లను ఓదార్చుకోవాల్సి వస్తుంది. మా అమ్మ అలాంటిదే. నాకు బయాప్సీ అంటే ఆవిడకు బీపీ పెరిగి ఆసుపత్రిలో చేరింది, నేను వెళ్లి ఆవిడకు కాపలా ఉన్నాను!

మీ అమ్మ ఎలాంటిదో నీకే తెలుసు. గట్టి మనిషైతే పిలిపించుకో, పాపనైనా చూసుకుంటుంది. కాకపోతే రిపోర్టు వచ్చాకే చెప్పు. దుర్గమ్మకు మొక్కుకోవాలనిపిస్తే మొక్కుకో, సిగ్గేం లేదు. నేను తలనీలాలు మొక్కాను, ఇచ్చాను కూడా. ఎవడైనా జాతకం చూసి రిపోర్టు ఏమొస్తుందో చెబుతానంటే మాత్రం గడప దాటనీయకు.

పక్షి_బెజవాడ | సోమవారం, రాత్రి 8:30

ఇవాళ 20వ తారీఖు. మా ఆఫీసు సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బికి ఆఖరి రోజు. సెలవు పెట్టమన్నారు సార్. పెట్టలేదు. ఒక క్లయింటుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్ను తగ్గింపు) పోర్టల్‌లో ఒకలా, బుక్స్‌లో ఒకలా ఉంది, తేడా దొరకదు. పట్టుకునేసరికి మధ్యాహ్నమైంది, అప్పటిదాకా గడ్డ మాటే గుర్తు రాలేదు. మనసు_మాట గారూ, మీరన్న ఒళ్లు మరిచే పని నాకు ఇదేనేమో, నవ్వొస్తోంది.

ఆరింటి భయం టైము మాత్రం నాకు కుదరలేదు. ఆరింటికి పాపకు ఆకలి.

అనంత గారూ, మా ఆయనకు ఫైలు పని చెప్పాను. రంగురంగుల ట్యాగులు పెట్టి, తేదీల వారీగా సర్దాడు. సర్దుతూ సర్దుతూ పాత స్కాన్ చూసి ఏడ్చాడు. తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. వాట్సాప్ విషయంలో కిరణ్ గారి మాట సగం, సుజాతక్క మాట సగం తీసుకున్నాం. ల్యాబ్‌కు ఫోన్ చేసి, పీడీఎఫ్ పంపొద్దు, కాగితమే ఇవ్వండి, ఇద్దరం కలిసి వచ్చి తీసుకుంటామని చెప్పాం.

పక్షి_బెజవాడ | మంగళవారం, మధ్యాహ్నం 12:17

రిపోర్టు రాలేదు. ‘స్పెషల్ స్టెయిన్స్ వేస్తున్నారు, ఇంకో రెండు రోజులు’ అన్నారు. అంటే ఏదో ఉందనే కదా? బాబాయి గారూ, ఉన్నారా?

ల్యాబ్_బాబాయి | మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఉన్నానమ్మా. స్పెషల్ స్టెయిన్ అంటే మామూలు రంగులతో తేలని సంగతిని ఇంకో రంగు వేసి చూడడం. టీబీ క్రిముల కోసం ఒక రంగు, ఫంగస్ కోసం ఒకటి. క్యాన్సర్ సంగతి తేల్చే ఐహెచ్‌సీ అనే పరీక్ష వేరే, దాన్ని కూడా కొందరు స్పెషల్ అనే అంటారు. కాబట్టి ఆ మాట విని ఎటూ చెప్పలేం. ఆలస్యమైన స్లయిడ్లలో మంచివీ చూశాను, చెడ్డవీ చూశాను. ఇంకో మాట, రిపోర్టు చివర ‘క్లినికల్ కోరిలేషన్ అవసరం’, అంటే డాక్టరు పేషెంటును చూసి పోల్చుకోవాలి, అని ఉంటే బెదిరిపోకు. అది మేం చాలా రిపోర్టుల కింద రాసే మాటే.

కరీంనగర్_సుజాత | మంగళవారం, మధ్యాహ్నం 1:05

తిన్నవా చెల్లీ? ముందు తిను, తర్వాత మాట్లాడుదాం. నేను ఇక్కడనే ఉన్న.

పక్షి_బెజవాడ | గురువారం, రాత్రి 7:55

వచ్చింది. ‘గ్రాన్యులోమేటస్ మాస్టైటిస్. క్యాన్సర్ కణాలు కనబడలేదు.’ సర్జన్ గారి గదిలోనే ఇద్దరం చదివాం. ఇది రొమ్ములో వచ్చే ఒకరకం వాపట, పిల్లల తల్లుల్లో నా వయసు వాళ్లకు వస్తుందట, స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లాగే కనబడుతుందట. అక్కడే కూలబడి ఏడ్చాను. బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ‘ఇన్ని రోజులు దాస్తావా’ అని అరగంట తిట్టింది, రేపు రైలెక్కుతోంది.

అయితే కథ ఇంకా ఉంది. ఇదే వాపు టీబీ వల్ల కూడా రావచ్చట. టీబీని త్వరగా పట్టే సీబీనాట్ పరీక్షలో టీబీ రాలేదు, కానీ కల్చర్ ఫైనల్ రిపోర్టుకు ఆరు వారాలు పడుతుందన్నారు. అది తేలేదాకా స్టెరాయిడ్ మొదలుపెట్టరట, నిజంగా టీబీ అయి ఉంటే స్టెరాయిడ్‌తో ముదురుతుందని. ఆరు వారాలు! సుజాతక్కా, బలమంతా ఒకేసారి ఖర్చు పెట్టుకోకు అన్నారు, అప్పుడు అర్థం కాలేదు.

బాబాయి గారూ, మధ్యలో ల్యాబ్‌కు ఫోన్ చేసి అడగొచ్చా? విసుక్కుంటారా?

డల్లాస్_కిరణ్ | గురువారం, రాత్రి 8:10

హమ్మయ్య సిస్టర్! ఆరు వారాలంటే మధ్యలో ఒక్క 3బి ఫైలింగే, మీకు లెక్కే కాదు.

కరీంనగర్_సుజాత | గురువారం, రాత్రి 8:22

మస్తు సంబురమైంది. అమ్మ వచ్చినంక ఇంత పులుసు పెట్టించుకుని తిను.

ల్యాబ్_బాబాయి | గురువారం, రాత్రి 8:45

మంచి మాట చెప్పావమ్మా. 42 రోజులు అనేది ఏమీ పెరగలేదని తేల్చి చెప్పడానికి పెట్టిన గడువు. ఏదైనా పెరిగితే ముందే తెలుస్తుంది, వాళ్లే మీ డాక్టరుకు చెబుతారు. నువ్వు ఫోన్ చేయొచ్చు. సోమవారం పొద్దున మాత్రం వద్దు, ఆదివారం శాంపిళ్లన్నీ అప్పుడే మీద పడతాయి. మామూలు రోజు పదకొండు దాటాక చెయ్యి. పేరు చెప్పి వెతికించకు, బిల్లు మీద ఉన్న శాంపిల్ నంబరు చెప్పు. ఆ బిల్లు ఆయన ఫైలులో పెట్టాడో లేదో చూసుకో.